రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి విన్నపం

మహారాజశ్రీ మెరీనా మేనేజరు గారికి,

ఇంగ్లండు దక్షిణ తీరాన, సోలెంట్ జలసంధిలో, తమరి పాంటూను (నీళ్ల మీద తేలే నడవ) చివర గాలికీ కెరటానికీ అప్పగించబడిన ఒక కాటమరాన్ యజమాని అనేక నమస్కారాలతో రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా, తమరి మెరీనా పేరు రాయడం లేదు. రాస్తే ఉన్న ఆ చివర కూడా ఊడుతుందని భయం. పైగా పేరు లేకపోతే సౌతాంప్టన్ నుంచి పోర్ట్స్‌మత్ దాకా మేనేజర్లందరూ ఇది తమ గురించేనని ఉలిక్కిపడతారని చిన్న ఆశ.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని మా గోదావరి జిల్లాల పెద్దలు చెబుతుంటారు. చెప్పిన ఆ పెద్దలే రెండు పడవల మీద బల్లలు పరిచి, ఎడ్లబండిని ఎద్దులతో సహా ఎక్కించి రేవు దాటించేవారు. నేను వాళ్ల మాట వదిలేసి వాళ్ల పని పట్టుకున్నాను. రెండు సన్నని పడవలు, వాటిని కలుపుతూ ఒకే డెక్కు, పైన తెరచాప. గాలి ఎంత కొట్టినా పెద్దగా ఒరగదు, బల్ల మీది టీ కప్పు దొర్లదు, చుట్టపుచూపుగా వచ్చిన మా అత్తగారు కూడా హాయిగా కునుకు తీశారు. దీని కష్టాలన్నీ గట్టు కనిపించాకే మొదలవుతాయి.

మా దేశంలో రైలు బెర్తుకు వెయిటింగ్ లిస్టు ఉంటుంది. దానికొక అంకె ఉంటుంది. అది తగ్గుతుంటే ప్రాణం లేచొస్తుంది. తగ్గకపోతే చార్టు వేసేసరికి ఆ సంగతైనా తేలిపోతుంది. తమరి దగ్గర పడవ బెర్తుల లిస్టుకు అంకె లేదు, చార్టు లేదు. ‘మీ పేరు ఉందండీ’ అంటారు. ఎన్నో పేరని అడిగితే వాతావరణం గురించి మాట్లాడతారు. ఏ పెద్దాయనో వయసు మీద పడి పడవ అమ్ముకుంటే ఒక చోటు ఖాళీ అవుతుంది. అందులో ఒంటి పడవ పడుతుంది, నాది పట్టదు. పక్కనున్న ఆయన కూడా అదే వారం అమ్ముకోవాలి. అంత యోగం ఏ జాతకంలో ఉంటుంది చెప్పండి!

సరే, ఏడాది బెర్తు మాట వదిలేసి ఒక రాత్రికి అతిథిగా వద్దామని వీహెచ్ఎఫ్ రేడియోలో ఛానల్ 80 పట్టి పిలుస్తాను. పొడవు చెప్పేదాకా తమరి సిబ్బంది గొంతు తేనెలా ఉంటుంది. కాటమరాన్ అనగానే ఒక నిశ్శబ్దం. తర్వాత వచ్చే మాట ఎప్పుడూ ఒకటే: ‘హామర్‌హెడ్ మీదికి వెళ్లండి.’ పాంటూను కొసన టీ ఆకారంలో అడ్డంగా ఉండే ముక్క అది. ఫెర్రీ పోయినప్పుడల్లా లేచే అలలన్నీ ముందు మాకు తగిలి, శాంతించి, ఆపైన లోపలి పడవల దగ్గరికి వెళతాయి. తమరి మెరీనాకు అలల అడ్డుగోడ మేమే. అందుకు మాకు జీతం ఇవ్వాల్సింది పోయి ఒంటి పడవకన్నా సగం ఎక్కువ రుసుము పట్టుకుంటారు, దాని మీద 20 శాతం వ్యాట్. ఆగస్టులో కౌస్ వారం పడవ పందేల రద్దీకి, మా అవతలి పక్కన ఇంకో పడవను తెచ్చి మాకే కట్టిస్తారు. దాని దగ్గరా పూర్తి రుసుమే. మరి నేనిచ్చిన ఆ అదనపు సగం ఏ నీళ్లకు?

తమరికి కోపం రాకముందే న్యాయం కూడా మాట్లాడతాను. ఇప్పటి కాటమరాన్లు నిజంగానే బాగా వెడల్పు. లగూన్ 42 అనే ఫ్రెంచి పడవ పొడవు 12.8 మీటర్లు, వెడల్పు 7.7. అంటే దాదాపు 99 చదరపు మీటర్ల నీరు. అంతే పొడవున్న ఒంటి పడవకు 54 చాలు. దాదాపు రెట్టింపు జాగా తీసుకునేవాడు ఒకటిన్నర రెట్లు ఇచ్చి పోతున్నాడు, సంతోషం. నాది మాత్రం ప్రౌట్ సోదరుల స్నోగూస్. ఎసెక్స్‌లోని కాన్వీ దీవిలో పడవలు చేసిన ఆ అన్నదమ్ములు 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు కయాక్ పోటీలకు వెళ్లినవాళ్లు. రెండు కయాకులను వెదురుతో కలిపి కట్టడంతో వాళ్ల కాటమరాన్ పని మొదలైంది. వాళ్లు చేసిన నా పడవ పొడవు 11.3 మీటర్లు, వెడల్పు 5 మీటర్ల లోపే. 5.2 మీటర్ల వెడల్పుండే ఫ్రాన్సు కాలువల లాకుల్లో పడుతుంది, తమరి దగ్గర పట్టదు! లెక్క వేస్తే 56 చదరపు మీటర్లు. ఇదే పొడవున్న ఈనాటి ఒంటి పడవకు 45. జాగాలో తేడా పావు వంతు, బిల్లులో తేడా సగం. ఏతావాతా తమరు ఆ లగూన్ ఆసామికి ఇస్తున్న రాయితీ నా జేబులోంచి పోతోంది.

జాగాను జాగాగా కొలవడం తమరి దేశానికి కొత్త విద్య కాదు. 1650లలో ఐర్లండు భూములను సర్వే చేయించిన సర్ విలియం పెట్టీయే 1662లో డబ్లిన్‌లో జంట పడవ కూడా కట్టించాడు. 1664లో అలాంటి పెద్ద ఓడను నీళ్లలోకి దింపినప్పుడు రెండవ చార్లెస్ రాజు స్వయంగా వచ్చి ‘ఎక్స్‌పెరిమెంట్’ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే అది తుఫానులో మునిగింది, అది వేరే విషయం. భూమినీ జంట పడవనూ ఒకే బుర్ర కొలిచిన దేశంలో, మూడున్నర శతాబ్దాల తర్వాత, పొడవును ఒకటిన్నరతో హెచ్చవేసి చేతులు దులుపుకోవడం ఏం బాగుంటుంది?

వెడల్పుకు డబ్బు తీసుకునే తమరు లోతుకు తగ్గింపు ఎందుకివ్వరు? నా పడవకు మీటరు నీళ్లుంటే సరిపోతుంది. ఇంత పొడవు ఒంటి పడవకు అడుగున దిగి ఉండే కీల్‌తో కలిపి రెండు మీటర్లకు అటూఇటూగా కావాలి. వైట్ దీవి కొసన ఉన్న బెంబ్రిడ్జ్ రేవు పాటు వేళకు చాలా మేరకు ఎండిపోతుంది. నాలాంటి పడవ అక్కడ ఇసుక మీద బుద్ధిగా కూర్చుని, పోటు రాగానే లేస్తుంది. తమరి మెరీనాలో గట్టు వెంబడి, పూడిక తీయించడం దండగని వదిలేసిన మూల ఒకటుంది. బాతులు తప్ప అక్కడికి ఎవరూ వెళ్లరు. వాటి దగ్గర తమరు ఏమీ వసూలు చేయడం లేదు. ఆ మూలలో రెండు గుంజలు పాతి మాకివ్వండి. తమరికి కొత్త ఆదాయం, మాకు అలల బాధ లేని నిద్ర. బాతులతో నేను మాట్లాడుకుంటాను.

కాబట్టి నా మనవి ఇది. రుసుము చదరపు మీటరుకు ఇంతని ఆఫీసు తలుపు మీద అంటించండి. లగూన్ వాళ్లు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. లిస్టులో నా పేరు పక్కన ఒక అంకె వేయండి, అది నాలుగు వందలైనా సరే. లోతు లేని ఆ మూలకు ఒకసారి నడిచి వెళ్లి చూడండి. జవాబు మాత్రం దయచేసి కాగితం మీద ఇప్పించండి. ఛానల్ 80లో చెబితే సోలెంట్ అంతా వింటుంది, ఆ మూలకు నాకన్నా ముందే ఇంకో పది కాటమరాన్లు చేరతాయి.

ఇట్లు,
తమరి హామర్‌హెడ్ నివాసి