బయానా కాగితం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాసిన మల్లినాథసూరిది మన మెదక్ సీమలోని కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. హుజూరాబాద్‌లో బయానా కాగితం రాయించే ఏజెంటుకు అలాంటి ఒట్టేమీ లేదు. అయినా చదవకుండానే సంతకం పెట్టే భక్తులు ఈ గ్రంథానికున్నట్టు మరే గ్రంథానికీ లేరు. కరీంనగర్–వరంగల్ రోడ్డు పక్కన పత్తి చేన్లు వెంచర్లవుతున్న ఈ కాలంలో దీనికి వ్యాఖ్య లేకపోవడం లోటు.

మూలం

"నేను నా ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతము లేక, నా కబ్జాలో ఉన్న 200 గజముల జాగను మీకు అమ్ముటకు ఒప్పుకొని, ఈ దినము బయానా ముట్టించుకొంటిని. మిగతా పైకము మూడు నెలలలో ఇచ్చినచో రిజిస్ట్రేషన్ చేయించెదను. గడువు దాటిన బయానా మునుగును. ఇది నిజము."

ప్రతిపదార్థం

నేను = పట్టాదారును అని వాచ్యార్థం; పట్టాదారు తమ్ముని కొడుకును అని వ్యంగ్యార్థం. అక్కచెల్లెండ్లను అధ్యాహారం చేసుకోవాలి. బయానా నాడు కనబడరు, రిజిస్ట్రేషన్ నాడు కారు దిగుతారు.

ఎవరి బలవంతము లేక = బిడ్డ పెండ్లి, బోరు అప్పు తప్ప వేరే బలవంతం లేక.

నా కబ్జాలో ఉన్న = ప్రస్తుతానికి పక్కాయన గడ్డివాము ఉన్న.

200 గజముల = గుంటకు 121 గజాలు గనుక గుంటన్నర పైచిలుకు. రోడ్డుకు పోను ఎంత మిగులుతుందో తర్వాతి సర్గలో తెలుస్తుంది.

మునుగును = అకర్మక క్రియ. బయానా తనంతట తనే మునుగుతుంది. ముంచినవాడు వాక్యంలో ఎక్కడా దొరకడు.

ఇది నిజము = భరతవాక్యం. నాటకం అయిపోయిందని గుర్తు.

తాత్పర్యం

పైసలు ఇయ్యాల, జాగ రేపు. ఇది ఏజెంటు కల్పన కాదు. అమ్ముతానన్న ఒప్పందం ఒక్కటే జాగ మీద ఏ హక్కూ పుట్టించదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్‌లోనే ఉంది. కొనేవానికి దక్కేది అమ్మకం జరిపించమని కోర్టుకెక్కే దారి. 1963 లిమిటేషన్ చట్టం ఆ దారిని కూడా మూడేండ్లే తెరిచి ఉంచుతుంది. కాగితంలో గడువు ఉంటే ఆ తేదీ నుంచి, లేకుంటే అవతలివాడు కాదన్నాడని తెలిసిన నాటి నుంచి లెక్క.

పాఠాంతరాలు

పూర్వపాఠం: తెల్ల కాగితం, అనగా సాదా బైనామా. ఊరి పెద్దల వేలిముద్రలే స్టాంపు. వ్యవసాయ భూముల సాదా బైనామాలకు 2020 అక్టోబర్, నవంబర్‌లలో దరఖాస్తులు తీసుకున్నారు. వాటిని క్రమబద్ధం చేసేందుకు దారి చూపే మాట 2025లో భూభారతి చట్టంలో వచ్చింది. అదీ 2014 జూన్ 2 నాటికి రాసుకున్నవాటికే.

మధ్యమపాఠం: పైన ఉటంకించిన వంద రూపాయల బాండు.

నవీనపాఠం: స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపు చేయడానికి కేంద్రం 2016లో రెరా చట్టం చేసింది. రాష్ట్రం 2017లో నియమాలు తెచ్చి, ఒప్పందం నమూనాను వాటికి జతచేసింది. రెరా కిందికొచ్చే వెంచర్‌లో ధరలో పదో వంతుకు మించి తీసుకోవాలంటే, ముందు ఒప్పందం రాసి దాన్ని రిజిస్టర్ చేయాలి. ఆలస్యం ఎవరిదైనా వడ్డీ రేటు ఒకటే. ఆ ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకూ రెరా నంబరు ఉండాలి. ఒక మనిషి ఇంకో మనిషికి అమ్ముకునే విడి జాగకు మాత్రం ఈ పాఠం వర్తించదు.

ఇన్ని పరిష్కరణలు జరిగినా, మాకు దొరికిన జిరాక్స్ ప్రతిలో మార్పు ఒక్కటే: 'ఆంధ్రప్రదేశ్' అన్న అచ్చును కొట్టేసి, పైన పెన్నుతో 'తెలంగాణ' అని రాశారు. తెలంగాణ వచ్చింది 2014లో. జిరాక్స్ సెంటర్ దాకా వచ్చిన సవరణ అదొక్కటే.

విశేషాలు

ఛందస్సు: వచనం. యతి రూపాయల అంకె దగ్గర, ప్రాస రెండు శాతం కమీషన్ దగ్గర.

అలంకారం: హద్దులలో "తూర్పు: నలభై ఫీట్ల రోడ్డు" అన్నది భావికం. జరగబోయేదాన్ని కండ్ల ముందు ఉన్నట్టే చెప్పడం దాని లక్షణం.

రసం: అద్భుతం. గడువు దాటినాక కరుణం.

ప్రాచీన వ్యాఖ్య: "ఏం గాదే అన్నా, సంతకం పెట్టు" అన్న ఏజెంటు టీక ఒకటి ప్రచారంలో ఉంది. అది నోటి మాటే గనుక ప్రమాణం కాదు.

ఫలశ్రుతి

మల్లినాథుని ఒట్టునే ఏజెంటు చేత కూడా వేయించండి: మూలం లేనిది రాయనని. ఇక్కడ మూలమంటే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, కొలిచిన నక్ష. వెంచరైతే రెరా నంబరు. గడువు తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. బయానా మునిగే వాక్యం పక్కనే, అమ్మేవాడు మాట తప్పితే ఎంత ఇయ్యాలో ఇంకో వాక్యం రాయించండి. అందుకు ఒప్పుకోనివాడు మూడు నెలల తర్వాత రిజిస్ట్రేషన్‌కూ రాడు.