ఏడు ప్రశ్నార్థకాల లక్ష్మి

మొత్తానికి సున్నాకి వచ్చేశారు. శుభం. గుమ్మానికి మామిడాకులు కట్టించండి. అమలాపురం నుంచి హైదరాబాదు దాకా ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాట్సాప్ స్టేటస్ చూసినా ఇప్పుడు అదే పాట: మా కోడ్‌లో వార్నింగులు సున్నా. పక్కన ఆకుపచ్చ టిక్కు, కింద రెండు రాకెట్ బొమ్మలు. నిన్నటిదాకా కంపైల్ చేస్తే పసుపు త్రికోణాలు కుప్పలు తెప్పలుగా పడే ముసలి డెస్క్‌టాప్ ప్రోగ్రాం, ఏఐ అసిస్టెంటుకి ఒక్క ముక్క చెప్పగానే, భోజనం చేసి చెయ్యి కడుక్కునేలోగా కడిగిన ముత్యమైపోయిందట. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ గారు దీనికి వైబ్ కోడింగ్ అని పేరు పెట్టారు. వైబుకేం, బ్రహ్మాండంగా ఉంది.

అల్లవరంలో కూర్చుని ఇలాంటి పాత ప్రోగ్రాములకి మరమ్మతులు చేయడమే నా బతుకుతెరువు. ఎరువుల కొట్టు, రొయ్యల మేత కొట్టు, కొబ్బరి వ్యాపారి... నెట్ ఉన్నా పోయినా లెక్క ఆగకూడదు కాబట్టి ఇక్కడ చాలామంది ఇంకా డెస్క్‌టాప్ ప్రోగ్రాముల మీదే బండి లాగుతున్నారు. అందుకని ఈ సున్నా ఎలా సాధ్యపడిందో చూద్దామని సోర్సు తెరిచాను. అబ్బో! ఇన్నాళ్లూ టైపు వార్నింగ్ వచ్చిందంటే ఏ రకం డేటా ఎక్కడ తప్పు రకంలోకి పోతోందో వెతుక్కునేవాణ్ణి. ఇంత కష్టం అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు.

జావా వాళ్ల పద్ధతి చూడండి. 2004లో జావా 5తో జెనెరిక్స్ వచ్చాయి. 2011లో జావా 7 వాటిని స్వింగ్‌లోని జేకాంబోబాక్స్‌కీ, జేలిస్ట్‌కీ కూడా తగిలించింది. ఈ జాబితాలో ఉండేవి ఖాతాదారులా, సరుకులా అని కంపైలర్ అడుగుతుంది. జవాబు కోణపు బ్రాకెట్ల మధ్య ఒక్క క్లాసు పేరు. ఆ పేరు రాయడానికి వేళ్లు నొప్పి గనక క్లాసు నెత్తి మీద సప్రెస్‌వార్నింగ్స్ అని ఒక బొట్టు పెట్టారు. తప్పనిసరైన చోట్లు లేకపోలేదు. తెలిసినవాడు అక్కడ ఒక్క వరుసకే పెట్టి, పక్కన కారణం రాస్తాడు. ఇక్కడ క్లాసు మొత్తానికీ పెట్టారు, కారణం మాత్రం భగవంతుడికే ఎరుక.

సీషార్ప్ వాళ్లది ఇంకా పొదుపు. 2019లో సీషార్ప్ 8 వచ్చాక, ఇది నల్ కావచ్చు జాగ్రత్త అని కంపైలర్ చెప్పడం మొదలుపెట్టింది. వీళ్లు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి, కాదులే, నా మాట నమ్ము అంటున్నారు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ గుర్తు దేన్నీ తనిఖీ చేయదు, ఏమీ ఆపదు. విజువల్ బేసిక్ వాళ్లు రకాల్ని కచ్చితంగా చూసే ఆప్షన్ స్ట్రిక్ట్‌ని ఆఫ్‌లో పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు. వాళ్లని లేపను.

మేనేజరు గారొకాయన వార్నింగులన్నిటినీ ఎర్రర్లుగా చూడండి అని సెట్టింగు మార్చారు. ఆ సాయంత్రానికే దాని కింద, ఫలానా వార్నింగులు చూపించకు అనే నోవార్న్ జాబితా కిరాణా కొట్టు చిట్టాలా పెరిగింది. సెట్టింగు మార్చినాయనకీ, జాబితా పెంచినవాడికీ మెచ్చుకోలు వచ్చింది.

ఇవన్నీ పోనిద్దాం. డెల్ఫీ దగ్గరికి వద్దాం, నా కడుపుమంట అక్కడుంది.

డెల్ఫీ 2009లో స్ట్రింగ్ అనే రకం యూనికోడ్ అయింది. అంతకు ముందు అది ఆన్సీ స్ట్రింగ్. అందులో ఏ బైటు ఏ అక్షరమో ఆ కంప్యూటర్ కోడ్‌పేజీ తేల్చాలి. ఇంగ్లిషుకీ పశ్చిమ యూరప్ భాషలకీ 1252 ఉంది, రష్యన్‌కి 1251 ఉంది, గ్రీకుకి 1253 ఉంది. తెలుగుకి విండోస్‌లో ఆన్సీ కోడ్‌పేజీయే లేదు. మన అక్షరాలకి చోటు యూనికోడ్‌లోనే, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టి పెళ్లిపత్రికలు అచ్చేసుకున్నది అలాంటి రోజుల్లోనే.

కాబట్టి యూనికోడ్ స్ట్రింగుని తీసుకెళ్లి ఆన్సీ స్ట్రింగులో పోస్తే డెల్ఫీ కంపైలర్ ఊరుకోదు. డబ్ల్యు1058 అని నంబరు వేసి మరీ, ఈ మార్పిడిలో డేటా పోవచ్చు అంటుంది. ఇంతకన్నా మర్యాదగా ఎవరు చెబుతారు?

ఓ రొయ్యల మేత కొట్టు ప్రోగ్రాంలో మనవాళ్లేం చేశారయ్యా అంటే, ఆ స్ట్రింగ్ చుట్టూ బ్రాకెట్లు పెట్టి, ముందు ఆన్సీస్ట్రింగ్ అని రాశారు. అంటే కాస్ట్ కొట్టారు. చెప్పకుండా జరిగేది ఇప్పుడు చెప్పి జరుగుతోంది. కావాలనే చేస్తున్నాడు కాబోలని కంపైలర్ తప్పుకుంది. చెప్పి చేసినా డేటా పోతుందని హెచ్చరించే వార్నింగ్ ఇంకొకటుంది, 1060. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. దాన్ని ఆన్ చేసే పాపం ఎవరూ మూటగట్టుకోలేదు. వార్నింగ్ పోయింది. పోతుందన్న డేటా కూడా, ఇచ్చిన మాట ప్రకారం, పోయింది.

ఎలా పోయిందో చూడండి. లక్ష్మి అన్న పేరుని యూనికోడ్‌లో విడదీస్తే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: ఏడు. 1252లో ఈ ఏడింటిలో ఒక్కదానికీ చోటు లేదు, అందుకని ఒక్కోదానికీ ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. ??????? ఇదీ లక్ష్మి. ఇప్పుడు సత్యవతిని చూడండి. స, త, పొల్లు, య, వ, త, గుడి. అదీ ఏడే. ఇదీ ???????. సున్నా వార్నింగుల సాక్షిగా లక్ష్మీ సత్యవతీ ఒక్క మనిషైపోయారు. మేత కొట్టులో ఇద్దరికీ అరువు ఖాతాలున్నాయి. పేరు కొట్టి వెతికితే ఏ బాకీ ఎవరిదో కొట్టాయన చెప్పలేడు, ప్రోగ్రాం అసలే చెప్పదు. సుబ్బారావు గారు పది ప్రశ్నార్థకాలు. వెంకటేశ్వరరావు గారు పద్నాలుగు, కాస్త పెద్దమనిషి కాబట్టి. పేరు పొడుగుని బట్టి మనిషిని పోల్చుకోవాలన్నమాట.

కొట్టాయన సపోర్టుకి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఫాంటు ప్రాబ్లమండీ అన్నయ్య గారూ, ఫాంటు మార్చి చూడండి."

"మార్చానండీ బాబూ. ఇప్పుడు ప్రశ్నార్థకాలు లావుగా వస్తున్నాయి."

"అయితే ప్రింటర్ డ్రైవరేమోనండి."

ఫాంటట! ఫైలు తెరిచి చూస్తే లోపల ఉన్నవి ఏడు 63లు. ఆస్కీలో 63 అంటే ప్రశ్నార్థకమే. దాని వెనకాల లక్ష్మీ లేదు, సత్యవతీ లేదు. ఏ ఫాంటు వేసినా, ఏ డ్రైవరు మార్చినా, ఏ తాంత్రికుణ్ణి పిలిచినా తిరిగి రారు. బ్యాకప్ తెరిచినా అవే 63లు, ఎందుకంటే ఆ బ్యాకప్ వెర్షన్ మారాక తీసింది. పాత చిట్టా పుస్తకాలు దుమ్ము దులిపి, ఫోన్ నంబర్ల ఆధారంగా ఒక్కొక్కరినీ మళ్లీ ఎక్కించాం. ఆ పుస్తకాలు కూడా పారేసి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించుకోండి.

ఇక వెటకారం చాలు. నాకు ఒళ్లు మండుతోంది. ఇది తెలియక చేసిన పని కాదు. ఫైలు పేరు, వరుస నంబరు, పోయేదేమిటో చెప్పే వాక్యం, అన్నీ కంపైలర్ తెర మీద పెట్టింది. దాన్ని చదవగలిగిన మనిషి నోరు మూయించాడు. చదవలేని రైతు నష్టపోయాడు. డేటా పోతుందన్న సంగతి ముందుగా తెలిసి, ఆ కబురు ఖాతాదారుకి అందకుండా చేయడాన్ని నాణ్యత అనడానికి నోరెలా వస్తుంది?

రొయ్యల తూకం సంగతీ ఇంతే. సీ ప్లస్ ప్లస్‌లో దశాంశ సంఖ్యని పూర్ణాంకంలో పెట్టబోతే విజువల్ స్టూడియో సీ4244 అంటుంది. దీనికీ ఒక కాస్ట్. ట్రే 25.9 కిలోలు తూగితే ప్రోగ్రాం 25 రాసుకుంటుంది. సరైన పద్ధతిలో రౌండ్ చేస్తే ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. కాస్ట్ రౌండ్ చేయదు, కోసేస్తుంది, ఎప్పుడూ కిందికే. చెరువు గట్టు మీద ట్రే తర్వాత ట్రే కాటా ఎక్కుతుంటే ప్రతి ట్రేకీ రైతుకే కోత. కాటాలో తూకం కొట్టేసేవాణ్ణి మన ఊళ్లో ఏమంటారో వేరే చెప్పాలా?

1996 అంటే కోనసీమ వాళ్లకి నవంబరు 6 తుఫానే. ఆ ఏడాదే జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి లేచి, సుమారు 40 సెకన్లకి తునాతునకలైంది. అక్కడా ఇదే కథ: 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంలో కుక్కారు. అందులో పట్టేది 32,767 దాకానే. విచారణ నివేదిక ప్రకారం అలాంటి ప్రమాదమున్న సంఖ్యలు ఏడు. నాలుగింటికి రక్షణ పెట్టి, కంప్యూటర్ మీద భారం ఎక్కువవుతుందని మూడింటిని వదిలేశారు. తప్పే, కానీ కనీసం కూర్చుని, లెక్కలేసుకుని, కలిసి తీసుకున్న నిర్ణయం. మన మేత కొట్టు ప్రోగ్రాంలో ఆ మాత్రం కూర్చున్నవాడు కూడా లేడు.

చేయాల్సిన పని బ్రహ్మవిద్యేం కాదు. పేరు కీబోర్డు నుంచి తెర మీదికి, అక్కడి నుంచి డేటాబేస్‌లోకి, కాగితం మీదికి పోయే దారంతా యూనికోడ్‌లోనే ఉంచాలి. పట్టికలో ఆ కాలమ్ ఎన్‌వార్‌చార్ చేయాలి. ఫైలు రాస్తే యూటీఎఫ్-8లో రాయాలి. తూకం గ్రాముల్లో పూర్ణాంకంగా దాచుకుంటే కోత సమస్యే ఉండదు. డెల్ఫీలో నేను అవే చేశాను, ఒకచోట రకం మారిస్తే ఇంకోచోట కొత్త వార్నింగు లేచింది, దాని వెంట పడితే రెండు పాత తప్పులు దొరికాయి. రోజులు పట్టింది. స్టేటస్‌లో పెట్టుకోవడానికి రాకెట్ బొమ్మ మాత్రం రాలేదు.

ఆ ప్రోగ్రాం చేసిన కంపెనీ వాళ్లు నిన్ననే కొట్టాయనకి ఈ ఏడాది ఏఎంసీ బిల్లు పంపారు. జీఎస్టీతో కలిపి వచ్చిన పైసల్ని మాత్రం కోసేయలేదు, పై రూపాయికి తెచ్చారు. కొట్టాయన పేరు ఇంగ్లిషులో ఉంది.