బుగ్గలోని కణం చెప్పుకున్న కథ

గాజు పలక మీద ఊదా, గులాబీ రంగుల్లో కదలకుండా పడివున్న ఆ కణం తన కథను పుట్టిన చోటి నుంచి మొదలుపెడుతుంది. కడప వైపు ఎర్రనేలలో శనక్కాయ పండించే ఒక రైతు బుగ్గ లోపలి పొరలో పుట్టానంటుంది. అక్కడి కణాలు అడుగు వరుసలో పుట్టి, పైకి జరిగి, సుమారు రెండు వారాల్లో రాలిపోతాయి. ఉన్నన్నాళ్ళూ ఈ-క్యాడరిన్ అనే జిగురు ప్రొటీన్‌తో పక్కదాన్ని పట్టుకుని నిలబడాలి.

అడుగు వరుసలోనే మిగిలిన తన వంశానికి మరో విద్య కూడా ఉందని గర్వంగా చెబుతుంది. పంటి కింద బుగ్గ నలిగితే, అంచు కణాలు పట్టు సడలించి, సాగి, పాకి, పుండును పూడ్చేవి. పనయ్యాక మళ్ళీ ఇరుగుపొరుగును పట్టుకునేవి. పిండంలో అవయవాలు ఏర్పడేటప్పుడూ కణాలు ఇలాగే రూపం మార్చుకుంటాయి. కొల్లాజెన్ జెల్లులో ఉంచిన పొర కణాలు వరుస విడిచి తిరగడాన్ని 1982లో ఎలిజబెత్ హే బృందం చూపించింది.

కణం బాధంతా తన యజమాని మీదే.

పొద్దున చేనికి పోతూ దవడన పెట్టిన గుట్కా రాత్రి నిద్రలోనూ అక్కడే ఉండేది. తెల్లమచ్చ లేచింది. సంగటితో ఊరిబిండి తగిలితే నోరంతా మంట. "ఏమయ్యా, నోరు తెరిచేకి కూడా రాలేదు నీకు, కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం పా" అని భార్య ఎన్నిసార్లందో కణం వంశానికంతా గుర్తే. "శనక్కాయ పీకినాక చూస్తాంలే" అనేవాడు. పంట ఇంటికొచ్చింది. ఈసారి విత్తనం వేసినాక అన్నాడు.

అన్నాళ్ళూ లోపలి గాయం మానలేదు. పొగాకు విషాలు జన్యువుల్ని దెబ్బతీశాయి. స్నెయిల్, ట్విస్ట్ అనే ప్రొటీన్లు జిగురు తయారీని అణిచేశాయి. పుండు పూడ్చే విద్యకు ఇక ఆగడం తెలియలేదు. తోటి కణాలు సగం అతుక్కుని, సగం పాకుతూ గుంపుగా లోతుకు దిగాయి. కొన్ని మెడలోని లింఫు గ్రంథుల్ని చేరాయి. కణాలు రూపం మార్చుకునే గుణాన్ని క్యాన్సర్ ముఖ్య లక్షణాల్లో చేర్చాలని 2022లో డగ్లస్ హనహాన్ ప్రతిపాదించాడు.

క్యాన్సర్ విత్తనానికి తగిన నేల కావాలని 1889లోనే స్టీఫెన్ పాగెట్ రాశాడు. ఎర్రనేలకు శనక్కాయ, నల్లరేగడికి పత్తి అని ఎంచే సీమవాళ్ళకు ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. కొత్తచోట కుదురుకోవడానికి, అలా పాకివెళ్ళిన కణాలు తరచూ పాత రూపానికి తిరిగివస్తాయి, ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డగా పెరుగుతాయి.

చివరికి బుగ్గ నుంచి గోరంత ముక్క కోశారు. ఫార్మలిన్‌లో నాని, మైనంలో బిగిసి, పలుచని పొరగా తెగి, కణం ఈ గాజు మీదికి చేరింది. దాన్ని చూసి క్యాన్సర్ అని రాశారు. పుండ్లు పూడ్చిన రోజుల ఊసు ఆ కాగితంలో లేదు. రిపోర్టు వెళ్ళిపోయాక పలకను పెట్టెలో నిలబెట్టి మూతవేశారు. పక్క కణానికీ దానికీ మధ్య ఇప్పుడు సన్నని తెల్లటి సందు. ఒకప్పుడు అక్కడ జిగురుండేది.