బ్రాకెట్లో పాలు

మా ఇంట్లో తెనాలి రామకృష్ణుణ్ణి నేనే. ఆ వేషం ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. ఉగాదికి తెలుగు సంఘాలవాళ్లు వేదికల మీద భువనవిజయం వేస్తారు కదా, మనం వాట్సాప్‌లో రాసుకుంటూ ఆడదామని మొఘల్‌పురాలోని మా రెండు గదుల ఇంట్లో కూర్చుని పిలుపిచ్చిందీ నేనే. కరీంనగర్‌లో ఉండే బావమరిది రాయలు. మా ఆవిడ తిమ్మరుసు. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి పెద్దన. మిగతా దిగ్గజాలకు మనుషులు దొరకలేదు.

అమ్మాయికి ఇలాంటి ఆటలు కాలేజీనాటి నుంచీ అలవాటే. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కలిసి ‘మడ్’ అని ఇలాంటి ఆట ఒకటి తయారుచేశారు. బొమ్మల్లేవు, తెర మీద అక్షరాలే. అక్షరాలతో వేషం కట్టేవాళ్లకు ఇప్పుడు బోలెడు మర్యాదలున్నాయట. ఒకరు రాశాక ఇంకొకరు రాయాలి. ఇంటి సంగతేదైనా చెప్పాలంటే బ్రాకెట్లో పెట్టాలి, అది సభలో వినపడనట్టు లెక్క. “అన్నిటికన్న ముఖ్యం డాడీ, వేరేవాళ్ల పాత్ర ఏం చేసిందో నువ్వు రాయొద్దు” అంది. దాన్ని గాడ్‌మోడింగ్ అంటారట. మనం పెత్తనం అంటాం.

నాకు చెప్పాలా? అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులున్నా అడ్డం వచ్చి మాట్లాడే హక్కు అప్రస్తుత ప్రసంగి ఒక్కడికే. ఇంత తెలిసినవాణ్ణి, మొదటి రాత్రే నలభై పంక్తులు రాశాను. అప్పటికి రాయలు రాసింది “కవులారా, కూర్చోండి” అని మాత్రమే. నా నలభై పంక్తుల్లో ఆయన మూడుసార్లు పగలబడి నవ్వాడు. పెద్దన తన గండపెండేరం విప్పి నా కాలికి తొడిగాడు. ఖాళీగా ఉన్న రామరాజభూషణుడు వచ్చి నన్ను పొగిడిపోయాడు. తిమ్మరుసు తల వంచి “తప్పయింది రామకృష్ణా” అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

“నేనెప్పుడన్న, తప్పయిందని?”

“నువ్వు కాదు, తిమ్మరుసు.”

“తిమ్మరుసును నేనే గద! ముప్పై ఏండ్లల్ల నాతోని అనిపియ్యలేనిది ఫోన్ల అనిపిస్తరా?”

బావమరిది ఇంకో వైపు నుంచి వచ్చాడు. “బావా, రాయలు పోయింది 1529ల. రామరాజభూషణుడు ఆ తర్వాతోడు అంటరు పండితులు. నిన్ను పొగడనీకి అంత ముందుగాల వచ్చిండా?”

పది నిమిషాలకు తిమ్మరుసు రాసింది: “రామకృష్ణ కవి లేచి, ఉత్తరీయము నడుముకు బిగించి, సభలోని అంట్లన్నియు తోమెను.”

ఇది గాడ్‌మోడింగ్ అని రాశాను. ఎవరూ పలకలేదు. తోమాను.

మర్నాడు సాయంత్రం చార్మినార్ దగ్గరుండగా ఫోన్ మోగింది. “(పాలు అయిపోయినయి. వచ్చేటప్పుడు ప్యాకెట్ తెండి.)” ఇప్పుడు నిజం ఒప్పుకోవాలి. బ్రాకెట్లు చూశాను, స్పష్టంగా చూశాను. కానీ పాలు, రామకృష్ణుడు అనగానే పిల్లి గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఊరుకోవడం నా వల్ల కాదు. “పాలా, మహామంత్రీ! గిన్నె చూడగనే మా పిల్లి పరుగు లంకించుకొనును” అని పంపాను. నా చమత్కారానికి నేనే నవ్వుకుంటూ వట్టి చేతులతో ఇంటికెళ్లాను.

పొద్దున చాయ్ లేదు. మాటా లేదు. శాలిబండ వైపు నడిచి ఇరానీ హోటల్లో కూర్చున్నాను. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచానో లేదో, ఫోన్ మోగింది.

“తిమ్మరుసు పుట్టింటికి పోయెను.”

వెంటనే కరీంనగర్ నుంచి రాయలు: “రండి అప్పాజీ, స్వాగతం.”

కింద నుంచి పైదాకా రెండుసార్లు చూశాను. ఎక్కడా బ్రాకెట్లు లేవు. బిస్కెట్ చాయ్‌లో కరిగిపోయింది. ఇంకో చాయ్ చెప్పాను.