కిటికీ సీటు పెద్దాయన

విమానంలో మధ్య సీటు తగిలినవాడు నిద్రైనా పోవాలి, కబుర్లైనా చెప్పాలి. శంషాబాద్‌లో ఎక్కి నాకూ, కిటికీ దగ్గరి పెద్దాయనకూ మధ్య ఇరుక్కున్న కుర్రాడు కబుర్లకే మొగ్గాడు. బెల్టు పెట్టుకోకముందే తను స్కైడైవర్‌నని చెప్పేశాడు.

"దుబాయ్‌లో దూకానండీ. పామ్ దీవి మీద. 13,000 అడుగులు."

ఊరు ఏలూరు, పవర్‌పేట. ఉద్యోగం హైదరాబాద్‌లో. మర్నాడు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ పిల్లలకి 'భయాన్ని జయించడం ఎలా' అనే విషయం మీద ఉపన్యాసం ఇవ్వాలిట. శాలువా కూడా కప్పుతారట. ఆ సంగతి చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడ్డాడు గానీ, చెప్పడం మాత్రం మానలేదు.

పెద్దాయనకి డెబ్భై అయిదు దాటి ఉంటాయి. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, పొట్టిగా కత్తిరించిన మీసం. ఒళ్ళో గుడ్డసంచి. కూర్చుంటూనే బెల్టు బిగించి, లాగి చూసుకున్నాడు. కొక్కెం దగ్గర బొటనవేలు పెట్టి నొక్కి, మళ్ళీ లాగాడు. అక్కడితో ఆగక కుర్రాడి బెల్టు కూడా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

"బానే ఉందండీ తాతగారూ," అని కుర్రాడు నవ్వి, నా వైపు తిరిగి కన్ను గీటాడు. మొదటిసారి ఎక్కినట్టున్నాడు పాపం అని.

ఎయిర్‌హోస్టెస్ లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఈల ఊది చూపించే తతంగాన్ని మొత్తం విమానంలో శ్రద్ధగా చూసింది ఆయనొక్కడే. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగాడు.

"ఇంతమందికీ గొడుగులు ఎక్కడ పెట్టారు బాబూ?"

"గొడుగులా? ప్యారాచూట్లా! ప్యాసింజర్ విమానాల్లో అవి ఉండవండీ."

"అచ్ఛా," అన్నాడు పెద్దాయన. ఆ కబురు ఆయనకి రుచించలేదు.

ఎందుకుండవో కుర్రాడు వివరించాడు. తెలిసే చెప్పాడు, కాదనను. పెద్ద విమానాలు 35,000 అడుగుల ఎత్తున గంటకి 800 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతాయి. బయట చలి సున్నాకి యాభై డిగ్రీలు కింద. పీల్చడానికి చాలినంత గాలి ఉండదు. అసలు తలుపే రాదు. అది ముందు కొంచెం లోపలికి జరిగితే గానీ బయటికి తెరుచుకోని రకం. ఆ ఎత్తులో లోపలి గాలి తలుపుని ప్రతి చదరపు అడుగుకీ సుమారు అర టన్ను బరువుతో అదిమిపెట్టి ఉంచుతుంది. పహిల్వానులు పదిమంది లాగినా కదలదు. ఒకవేళ కదిలినా, జీవితంలో ఒక్కసారీ జీను తొడగని 180 మందికి అప్పటికప్పుడు తొడిగి, వరుసలో నిలబెట్టి దూకించడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు.

"మాలాంటివాళ్ళకి ఇలా కట్టేసినట్టు కూర్చోవడం మహా విసుగండీ. విమానం ఎక్కామంటే కళ్ళు వాటంతటవే తలుపు కోసం వెతుకుతాయి," అన్నాడు కుర్రాడు, కళ్ళు ఫోన్ మీదే ఉంచి. తలుపు వైపు చూస్తున్నది పెద్దాయన.

విమానం రన్‌వే మీద పరుగందుకుంది. కుర్రాడి మాట ఆగిపోయింది. చేతులు రెండూ సీటు పిడుల మీదికి వెళ్ళాయి. పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని, ఇంజను హోరుకి తగ్గట్టు మోకాలు ఆడిస్తూ, రైలు బయల్దేరితే పిల్లలకి వచ్చేలాంటి కులాసాతో ఉన్నాడు. చక్రాలు నేల వదిలినప్పుడు సన్నగా నవ్వాడు కూడా.

కాసేపటికి టింగుమని తలమీది బెల్టు దీపం ఆరింది. ఆరీ ఆరగానే పెద్దాయన బెల్టు ఊడదీసి చటుక్కున లేచి నిలబడ్డాడు. మాడు వెళ్ళి పై అరకి కొట్టుకుంది.

"ఏంటండీ, బాత్రూంకా?"

"కాదు బాబూ. ఏదో అలవాటు," అని తల తడుముకుంటూ కూలబడ్డాడు.

అప్పుడు బయటికొచ్చింది వీడియో. ఫోన్ నిండా కుర్రాడి మొహమే. గంటకి 200 కిలోమీటర్ల గాలికి బుగ్గలు బూరెల్లా ఊగుతున్నాయి, పళ్ళన్నీ బయటికొచ్చాయి, కింద సముద్రంలో ఈతచెట్టు ఆకారంలో దీవి. ఒక నిమిషం అలా రాయిలా పడిపోయాక, సుమారు 5,000 అడుగుల దగ్గర ప్యారాచూట్ విచ్చుకుంది. అంతసేపూ కుర్రాడి చెవి వెనక ఎవరిదో నల్ల కళ్ళద్దం అంచు, అప్పుడప్పుడూ పైకి లేచే ఒక బొటనవేలు. పెద్దాయన ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఆ బొటనవేలు దగ్గర వేలు పెట్టాడు.

"వెనకాల ఎవరో ఉన్నారే?"

"ఇన్‌స్ట్రక్టరండీ. దీన్ని టాండెమ్ అంటారు. ఆయన ఛాతీకి మనల్ని నాలుగుచోట్ల కొక్కేలతో తగిలిస్తారు. ఎప్పుడు దూకాలి, ఎప్పుడు లాగాలి, ఎటు తిప్పాలి, అన్నీ ఆయనే చూసుకుంటాడు."

"అయితే దూకావా బాబూ, దూకించారా?"

వెటకారమేమీ లేదు ఆ గొంతులో. తెలుసుకుందామనే అడిగాడు. నాకు మాత్రం దగ్గొచ్చింది.

"టెక్నికల్‌గా ఇద్దరం కలిసేనండీ," అని కుర్రాడు వెంటనే మాట మార్చి అమెరికా వెళ్ళిపోయాడు. అక్కడ 1971 నవంబరులో ఒకడు ప్యాసింజర్ విమానాన్నే హైజాక్ చేసి, రెండు లక్షల డాలర్లు వసూలు చేసి, తోకకిందున్న మెట్ల మీదుగా రాత్రిపూట వానలో దూకేశాడు. ఇప్పటిదాకా ఆచూకీ లేదు. డి.బి. కూపర్ అని పత్రికలు పెట్టిన పేరే మిగిలింది. ఆ తర్వాత ఆ రకం విమానాల్లో గాలిలో మెట్లు తెరుచుకోకుండా చిన్న రెక్క ఒకటి బిగించారు.

"71వ సంవత్సరం. ఆ మరుసటి నెల టాంగాయిల్లో..." అని పెద్దాయన ఏదో మొదలెట్టాడు.

"టంగుటూరా? మా అత్తయ్యగారి ఊరండీ," అన్నాడు కుర్రాడు. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

పడమటి గాలి ఉధృతంగా ఉండే రోజుల్లో హైదరాబాద్ విమానం గన్నవరం దాటి తూర్పుకి పోతుంది. కొల్లేరు దగ్గర వెనక్కి తిరిగి, గాలికి ఎదురుగా దిగుతుంది. తెలియనివాళ్ళు ఊరు దాటిపోయిందని కంగారుపడతారు. ఆషాఢమాసం కావడాన ఆ రోజూ అంతే. రెక్క వంగింది. కిటికీలో కొల్లేరు తిరిగింది. సరస్సు అని పేరే గానీ పైనుంచి చూస్తే గళ్ళచీర ఆరేసినట్టు చెరువులు, గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం ఎన్ని గట్లు తెగ్గొట్టించినా, మళ్ళీ ఎవరి గట్టు వాళ్ళు కట్టుకున్నారు. అది వేరే కథ, వేరే కోపం.

పెద్దాయన ముక్కు అద్దానికి ఆనించి కిందికి చూస్తున్నాడు.

"అంతా నీళ్ళే. కాలు మోపడానికి జానెడు జాగా లేదు," అన్నాడు తనలో తను. "మా గూడెంలో అయితే యుద్ధంకాలం నాటి రన్‌వే ఉంది. సుబ్బరమైన బయలు."

"దాని మీద విమానాలెక్కడ దిగుతాయండీ? పొద్దున్నే జనం వాకింగ్ చేస్తారు."

"నేనన్నది విమానం సంగతి కాదు బాబూ."

విమానం ఇంకా కిందికొచ్చింది. పెద్దాయన నుదుట చెమట మొదలైంది. అప్పటిదాకా కులాసాగా ఆడిన మోకాలు బిగుసుకుపోయింది.

"వెయ్యి అడుగుల లోపుకి వచ్చేశాం," అన్నాడు.

"మీకెలా తెలుసండీ?"

"గట్టు మీద గేదెల కాళ్ళు విడివిడిగా కనపడుతున్నాయి. ఇంకా పోతోందేంటి కిందికి? ఇంకానా?"

కుర్రాడి మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసి, గడ్డం గుండెకి ఆనించి, రెండు పాదాలూ మోకాళ్ళూ దగ్గరికి చేర్చి, ఒళ్ళంతా ముడిచి కూర్చున్నాడు. చక్రాలు నేలకి తగిలి, ఒకసారి ఎగిరి, మళ్ళీ తగిలి, బ్రేకుల మోత మోగేదాకా ఊపిరి పీల్చలేదు. పట్టు వదిలేసరికి కుర్రాడి చేతి మీద నాలుగు వేళ్ళ అచ్చులూ ఎర్రగా తేలాయి.

దీపం ఆరకముందే జనం లేచి సంచులు లాగడం మొదలెట్టారు. కుర్రాడు చెయ్యి రుద్దుకుంటూనే పెద్దమనసు చూపించాడు.

"ఏం పర్లేదు తాతగారూ, మొదటిసారి విమానం ఎక్కినప్పుడు ఎవరికైనా ఇంతే. రేపు గూడెంలో నా స్పీచ్‌కి రండి. భయమంతా పోతుంది."

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఎక్కడం కొత్త కాదు బాబూ. పద్దెనిమిదేళ్ళు ఎక్కుతూనే ఉన్నాను. విమానం నేలకి తగిలేటప్పుడు అందులో ఉండటమే ఇది మొదలు."

కుర్రాడికి అర్థం కాలేదు. "అంటే?" అన్నాడు.

"మాది మాధవరం."

ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఇంక చెప్పాల్సిందేమీ ఉండదు. తాడేపల్లిగూడెం పక్కనే ఉన్న ఆ ఊరిని మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరైనా పటాలంలో ఉన్న ఊరు. రెండో యుద్ధానికి ఆ ఒక్క ఊళ్ళోంచే వెయ్యిమందికి పైగా వెళ్ళారని చెబుతారు. అక్కడ మేజర్, కెప్టెన్ అన్నవి హోదాలే కావు, పిల్లలకి పెట్టుకునే పేర్లు కూడా.

"ఆగ్రాలో పారా బ్రిగేడు నాది. పాకెట్ విమానంలో ఎక్కించేవారు. మల్పురా మైదానం మీదికి రాగానే లేచి నిలబడేవాళ్ళం. దీపం మారిందా, తలుపులోంచి ఒకడి వెనక ఒకడు. విమానం ఖాళీగా వెళ్ళి దిగేది. సెలవుకి ఇంటికి రావాలంటే రైలే. ఇంక దిగేటప్పుడు లోపల ఎలా ఉంటుందో మాకెలా తెలుస్తుంది?"

అప్పుడు తట్టింది నాకు టాంగాయిల్ అంటే. 1971 డిసెంబరు 11 సాయంత్రం, ఢాకాకి ఉత్తరాన, మన రెండో పారా బెటాలియన్ శత్రువు వెనక దిగిన చోటు. కుర్రాడికీ ఏదో తట్టినట్టే ఉంది. అంతవరకూ ఊపుతున్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి... అలాంటి మీరు ఇంత భయపడ్డారేంటండీ?"

"భయం కాక ఏంటి బాబూ. అక్కడ ఎవరు ఏంటో తెలుసు. గొడుగు మడతపెట్టినవాడు కార్డు మీద సంతకం పెట్టేవాడు. తలుపు దగ్గర భుజం తట్టేవాడు ఎవరో తెలుసు. అంతెందుకు, మన దేశం వాళ్ళలో మొట్టమొదట దూకినవాళ్ళెవరో అడిగితే రంగరూటు కుర్రాడు కూడా చెప్పేవాడు. డాక్టర్ రంగరాజ్ గారు, హవల్దార్ మేజర్ మథురా సింగ్. 1941లో బ్రిగేడు పెట్టిన కొత్తలో. ఇక్కడేమో మనందరి ప్రాణాలూ ఆ ముందు గదిలో ఉన్నాయన చేతిలో పెట్టాం. మైకులో పేరు చెప్పాడు గానీ, ఆ గోలలో నాకు సరిగా వినపడలేదు. దిగేటప్పుడు అడిగి పోదామనుకుంటున్నాను."

తలుపు తీశారు. వరుస కదిలింది. పెద్దాయన గుడ్డసంచి భుజాన వేసుకుని నడవలోకి వచ్చి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు.

"అవును గానీ, నిన్ను గుండెలకి కట్టుకుని దూకాడే, ఆయన పేరేంటి బాబూ?"

కుర్రాడు నోరు తెరిచాడు. మూశాడు. జేబులోంచి ఫోన్ తీసి కాసేపు వెతికాడు. మా వెనకవాళ్ళు కదలండి కదలండి అంటున్నారు.

"ఫారినరండీ," అన్నాడు.