ఏడు బిళ్ళల పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఏడు బిళ్ళ లిచ్చి యింగ్లీషు పదమును
వెదకు మనిరి బావ వేడ్కతోడ
క్యూను చూడగానె కూలితి నటుమీద
యూయు లేక యాట యుద్ధమాయె

అవతారిక

సంక్రాంతి సెలవుల్లో, భోజనాలయ్యాక, పేకముక్కలు ఎంతకీ కనబడక అటక మీది స్క్రాబుల్ పెట్టె కిందికి దిగిన సందర్భంలోది ఈ ఆటవెలది. కవి ఎవరో తెలియదు. ఓడిపోయినవాడని మాత్రం పద్యమే చెబుతోంది. ఈ టీకాకారుడే ఆ కవి అని ఇంట్లో కొందరంటారు. అది ప్రక్షిప్తం. మూలంలో లేనిది రాయకూడదని కావ్యాల వ్యాఖ్యాత కొల్చారం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మనకంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం

ఏడు = ఏడు. సప్తర్షులనీ సప్తస్వరాలనీ లాగేవాళ్ళుంటారు, వినకండి.

బిళ్ళలు + ఇచ్చి = ఇక్కడ కవి అమాయకత్వం బయటపడుతోంది. ఎవరూ ఇవ్వరు. సంచిలో చెయ్యిపెట్టి మనమే తీసుకోవాలి, తరవాత ఎవర్నీ అనడానికుండదు. సంచిలో మొత్తం 100 బిళ్ళలు. అందులో ‘ఈ’లు 12, ‘క్యూ’ ఒకే ఒక్కటి. 1930లలో, అమెరికాలో మాంద్యం వచ్చి పని పోయిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు, పత్రికల మొదటి పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కబెట్టి ఈ వాటాలు వేశాడు. ఉద్యోగం లేనివాళ్ళు పేపరు అక్షరం పొల్లుపోకుండా చదవడం మన అరుగుల మీదా చూశాం. లెక్కబెట్టినవాడు మాత్రం ఆయనే.

యింగ్లీషు = ఇంగ్లీషు. యకారం సంధి పుణ్యం.

వెదకుమనిరి = వెతకమన్నారు. బహువచనం గౌరవార్థకం. అక్క మొగుడు కాబట్టి తప్పదు.

వేడ్కతోడ = పెట్టె మొత్తానికి రెండే ఉండే ఖాళీ బిళ్ళలు రెండూ తన చేతిలోనే పడ్డ మనిషికి కలిగే ఉల్లాసంతో.

క్యూను = క్యూ అనే అక్షరాన్ని. విలువ 10 పాయింట్లు. జెడ్ తప్ప దీనికి సాటి లేదు. అయితే ఇంగ్లీషులో ఇది ‘యూ’ను వెంటబెట్టుకోకుండా గడప దాటదని మనకు బళ్ళో నేర్పారు. ‘యూ’లు సంచిలో నాలుగే. నాలుగూ అప్పటికే బల్లెక్కేశాయి. కవి కూలిపోవడానికి కారణం ఇదీ.

తక్కినవి స్పష్టం.

తాత్పర్యం

కవి చేతిలో పడ్డవి క్యూ, ఐ, ఎన్, టి, ఎ, ఆర్, ఎస్. క్యూను పక్కనబెట్టి మిగిలిన ఆరింటితో ‘ట్రైన్స్’ పేర్చి ఆరు పాయింట్లు రాబట్టుకున్నాడు. ఆట ముగిసేదాకా క్యూ చేతిలోనే మిగిలింది. మిగిలినదాని విలువ కోసేస్తారు గనక పది పోయాయి.

విశేషాలు

వెతకడం ఎలాగో పద్యం చెప్పదు. కంప్యూటరు పద్ధతి సులువు. ప్రతి పదంలోని అక్షరాల్నీ ఏబీసీడీల వరసలో సర్ది పెట్టుకుంటుంది. స్టాప్, స్పాట్, పోస్ట్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్ ఆరూ ‘ఓపీఎస్‌టీ’ అనే ఒకే గోత్రంలో చేరతాయి. గోత్రం చెబితే చాలు, బలగమంతా బయటికొస్తుంది. మనుషులది వ్యాకరణ మార్గం. ‘ఐఎన్‌జీ’, ‘ఈడీ’ లాంటి ప్రత్యయాల్ని విడదీసి, మిగిలినదాంట్లో ధాతువు కోసం దేవులాడటం.

ఆక్షేపం: ఇది మన అవధానంలోని న్యస్తాక్షరే కదా? సమాధానం: కాదు. అక్కడ పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం పడాలంటాడు, అవధాని దాన్ని భావంలో కరిగించి చూపాలి. ఇక్కడ భావం అడిగే నాథుడే లేడు. మల్లినాథుడు టీక రాసిన రఘువంశం పార్వతీపరమేశ్వరులు వాక్కూ అర్థమూ లాగా కలిసి ఉంటారంటూ మొదలవుతుంది. ఈ ఆట వాక్కుకూ అర్థానికీ విడాకులిప్పించింది. న్యూజిలాండ్ వాడు నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. నిఘంటువు బట్టీపట్టాడు. అర్థం తెలియని చదువని మనం ఇన్నాళ్ళూ పిల్లల్ని తిట్టాం.

యూ లేకపోతే క్యూకు గతి లేదన్నదీ నిజం కాదు. హైదరాబాదు పాతబస్తీలో రోజూ వినబడే నికాబ్, తలాక్, ఫకీర్ మూడింటినీ ఇంగ్లీషులో క్యూతో రాయొచ్చు, ‘యూ’ జాడ ఉండదు. మూడూ ఆటలో చెల్లుతాయి. అంతెందుకు, ‘క్యూఐ’ అని రెండక్షరాల పదముంది. ప్రాణశక్తికి చైనావాళ్ళ మాట. అమెరికా ఆటగాళ్ళ జాబితాలోకి 2006లో ఎక్కింది. రెండు బిళ్ళలూ కవి చేతిలోనే ఉన్నాయి. ఆ పదాన్ని ‘చీ’ అని పలకాలట. మర్నాడు అది తెలిసి కవి అన్నదీ దాదాపు అదే, కాస్త ఒత్తి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కాఫీ తాగుతూ నిఘంటువు తిరగేస్తున్న బావగారు ఒకచోట ఆగి, కవి ఏడు బిళ్ళల్నీ ఏరి వరసగా పేర్చారు. ‘కింటార్స్’. క్యూతో మొదలై, ఏడూ సరిపోయి, ఒక్కటీ మిగల్లేదు. బిళ్ళల విలువ 16, ఏడూ ఒకేసారి దించినందుకు అదనంగా 50, వెరసి 66.

“అంటే ఏమిటండీ బావగారూ?”

“అల్బేనియా చిల్లర డబ్బులోయ్. వంద కలిస్తే ఒక లెక్.”

అల్బేనియా రాజధాని టిరానా అని కవి వెంటనే చెప్పాడు. ఊళ్ళ పేర్లు ఈ ఆటలో చెల్లవన్నారు బావగారు.