మంత్రగ్రహణ సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: బుద్ధి పదునెనిమిదైనను పాచిక యొల్లకున్న మంత్రమబ్బదు.

అవతారిక: 1978లో గ్యారీ గైగాక్స్ రాసిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నియమగ్రంథం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మాంత్రికుల చదువుకు ఒక పట్టిక ఉంది. చదువరుల సౌకర్యార్థం దాన్ని సూత్రంగా కుదించాం.

ప్రతిపదార్థం: బుద్ధి = ఇంటెలిజెన్స్ అనే అంకె; పదునెనిమిదైనను = మూడు మామూలు పాచికలు వేస్తే పడగలిగినంతా పడినప్పటికీ; పాచిక = నూటి లెక్క తేల్చే పది ముఖాల జోడు; ఒల్లకున్న = 85 దాటి పడితే; మంత్రము = ఫైర్‌బాల్ మొదలైనది; అబ్బదు = పుస్తకం ఎదుటే ఉన్నా తలకెక్కదు.

తాత్పర్యం: ఎంత మేధావికైనా మంత్రమంత్రానికీ పరీక్షే. బుద్ధి 18 అయితే నూటికి 85 పాళ్లు వస్తుంది, 9 అయితే 35 పాళ్లే. మొదటివాడు ఒక్కో స్థాయిలో 18 మంత్రాలకు మించి నేర్వలేడు, రెండోవాడు ఆరింటికి మించి నేర్వలేడు. ఒక్కో స్థాయికి పట్టికలో ఉన్న కనీసపు లెక్క కూడా నిండనివాడు తప్పిన మంత్రాలకు మళ్లీ పాచిక వేసుకోవచ్చు. అది నిండిందా, తప్పింది తప్పినట్టే.

పూర్వపక్షం: చదివినవాడికి చదువు రాకపోవడం ఏం న్యాయం?

సమాధానం: న్యాయం కాదు, రుచి. ఫైర్‌బాల్ దక్కనివాడు శత్రువులను నిద్రపుచ్చో, సాలెగూట్లో చిక్కించో నెగ్గుకు రావాలి. ఆ లోటే అతని ముఖకవళిక. అందరికీ అన్నీ వచ్చేస్తే మాంత్రికులకు టోపీ రంగు తప్ప తేడా ఏముంటుంది? (ప్రయోగించగానే మంత్రం బుర్రలోంచి చెరిగిపోవడం జాక్ వాన్స్ కథల నుంచి వచ్చిన ఆచారం. అది ధారణకు సంబంధించింది, గ్రహణానికి కాదు. కనుక ఇక్కడ అప్రస్తుతం.)

మతాంతరాలు: 1989 నాటి రెండో కూర్పువారు కొంత జాలిపడ్డారు. తప్పినవాడు పై స్థాయికి చేరాక మళ్లీ ప్రయత్నించవచ్చన్నారు. ఒకే శాఖను నమ్ముకున్నవాడికి సొంత మంత్రాల్లో 15 పాళ్లు కలిపి, పరాయివాటిలో అంతే కోశారు. 2000లో మూడో కూర్పు మాంత్రికుడి స్థాయి పెరిగినప్పుడల్లా రెండు మంత్రాలు ఊరికే ఇచ్చింది. దొరికిన స్క్రోల్ నుంచి నేర్చుకోవాలంటే మాత్రం ఇరవై ముఖాల పాచిక తప్పలేదు. 2008 నాటి నాలుగో కూర్పు దారే వేరు, దాన్ని వేరే వ్యాఖ్యాతలకు వదిలేస్తున్నాం.

2014లో ఐదో కూర్పు స్క్రోల్ నుంచి నేర్చుకునేటప్పుడు తప్ప పాచికను ఎత్తేసింది. పుస్తకంలో కొత్త మంత్రం దొరికిందా, దాని స్థాయి ఒక్కొక్కదానికి 2 గంటలు, 50 బంగారు నాణేలు. ఫైర్‌బాల్ మూడో స్థాయిది కనుక 6 గంటలు, 150 నాణేలు. మంత్రం తనకు అందే స్థాయిదైతే, డబ్బుంటే చాలు, విద్య ఖాయం.

విశేషం: ఆ నాణేలు పాచికకు పెట్టిన తద్దినం ఖర్చని ఆక్షేపించేవారున్నారు. అది చెల్లదు. సాధనలో కరిగిపోయే సామగ్రికీ మేలురకం సిరాకూ అని ఐదో కూర్పు పుస్తకంలోనే స్పష్టంగా ఉంది.